కొస గుత్తుల పులుపు

మా నాన్న తమ్మారో మోకాలు పాడయ్యాక రెండేళ్ళపాటు మా పుట్టింటి వైన్‌ని మా ఆయన కూడా మెచ్చుకోలేదు. అల్లుడన్నవాడు అత్తవారింటి వైన్‌ని మెచ్చుకోవడం మా వైపు మర్యాద. బావినీళ్ళు పోసినా మెచ్చుకోవాల్సిందే. మా ఆయన గ్లాసెత్తి, ఒక గుక్క వేసి, పెదాలు తుడుచుకుని, "చల్లగా ఉంది మామయ్యా" అనేవాడు. అంతకన్నా పెద్ద అబద్ధం ఆయన నోటికి రాలేదు.

ఇటలీలో మా ఆవెర్సా ఊరి చుట్టుపక్కల ద్రాక్ష పందిరి మీద పాకదు. పాప్లర్ చెట్టుని పట్టుకుని పైకి పోతుంది. చెట్టునీ తీగనీ పక్కపక్కనే నాటి, వాటికి పెళ్ళి చేశామంటాం. అక్కణ్ణించి మొగుడు ఎంత ఎత్తు పోతే పెళ్ళామూ అంత ఎత్తు పోతుంది, ఒక్కోసారి ఇంకాస్త పైకే. చెట్టుకీ చెట్టుకీ మధ్య తీగల్ని అడ్డంగా లాగి కడతారు. దూరం నుంచి చూస్తే పొలంలో ఎవరో ఆకులతో గోడ లేపినట్టుంటుంది. ఆ ద్రాక్ష పేరు ఆస్ప్రీనియో. మా భాషలో ఆస్ప్రో అంటే పులుపు, పేరులోనే ఉంది. దాని వైన్ ఎండుగడ్డి రంగు, వెలుతురులో పెడితే గ్లాసు అంచున కాస్త పచ్చగా కనిపిస్తుంది. నోట్లో పోసుకోగానే నిమ్మతొక్క కొరికినట్టు దవడలు గుంజుతాయి. కొత్తవాళ్ళు మొహం చిట్లిస్తారు. మేమైతే గేదెపాల మొజ్జరెల్లా జున్ను ముక్క ఒకటి నమిలి, దాని మీద ఇది పోస్తాం. నాలుక మీది వెన్నంతా కడుక్కుపోయి, అప్పుడే నిద్రలేచినట్టు మళ్ళీ ఆకలేస్తుంది.

అయితే పులుపంతా ఒకటే పులుపు కాదు. కింది గుత్తులకి ఎండ తగలదు, నేల తేమ తగులుతుంది. వాటిది వట్టి పచ్చిపులుపు, పళ్ళు గీరుకుని పోతుంది, వెనక ఏమీ ఉండదు. కొస గుత్తులు పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండలో ఉంటాయి. వాటికీ పులుపు తగ్గదు. కానీ ఆ పులుపు వెనక పచ్చి బాదం పప్పు రుచి ఒకటి వచ్చి నిలబడుతుంది, ముందు గొడవపడే పెళ్ళాం వెనక నోరు మూసుకు నిలబడే మొగుడిలాగ. కిందవీ పైవీ కలిస్తేనే మా వైన్. మా నాన్న మోకాలు పాడయ్యాక కొసకి ఎక్కేవాళ్ళు లేరు. పై గుత్తులు పిట్టలు తిన్నాయి, కింది గుత్తులు మేం తాగాం. అదీ మా ఆయన "చల్లగా ఉంది" అనడానికి కారణం.

ఎక్కడానికి మగపిల్లాడు లేక కాదు. మా తమ్ముడు ఎల్పీదియో ఉన్నాడు. ఎద్దులా పనిచేస్తాడు. నేల మీద ఉన్నంతసేపు వాడికి భయమన్నది తెలియదు. నేల మీంచి రెండు మూరలు లేస్తే చాలు, వాడి మొహం పాలిపోతుంది. చిన్నప్పుడు పండగనాడు పిల్లలందరూ చర్చి గంట గోపురం ఎక్కితే వీడు సగం మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేనే వెళ్ళి, కళ్ళు మూసుకోమని చెప్పి, చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాను. ఆ సంగతి వాడూ నేనూ ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్ళో చెట్టెక్కలేని మగాణ్ణి క్షౌరశాలలో కూడా సరిగ్గా కూర్చోనివ్వరు. "కుర్చీ ఎత్తుగా ఉందేమో, దించమంటావా?" అని అడుగుతారు.

వాడు దానికో ఉపాయం కనిపెట్టాడు. నిచ్చెన మీద పెట్టాడు తప్పు.

మా నిచ్చెనలు అందరికీ పనికొచ్చేవి కావు. చెస్ట్‌నట్ కర్రతో, సన్నగా, మేడ కన్నా ఎత్తుగా చేస్తారు. ఎక్కే మనిషి కాలు కొలిచి మెట్లు బిగిస్తారు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు మెట్ల మధ్యలోంచి దూర్చి, మోకాలు పై మెట్టుకీ పాదం కింది మెట్టుకీ తగిలిస్తే మనిషి అక్కడే అతుక్కుపోతాడు. రెండు చేతులూ ఖాళీ. కోసుకోవచ్చు, బుట్ట దించుకోవచ్చు, కావాలంటే పాట పాడుకోవచ్చు. కొలత వేలెడు తప్పితే మోకాలు జారుతుంది. అందుకే ఒకరి నిచ్చెన ఒకరు ఎక్కరు. మగపిల్లాడికి మీసం రాగానే నిచ్చెనల కానియో దగ్గరికి తీసుకెళ్ళి కాలు కొలిపిస్తారు. కానియో ఒక దారం తీసి, మోకాలి నుంచి మడమ దాకా పట్టి, ముడి వేస్తాడు. అంతే. ఆ దారాలన్నీ ఆయన కొట్లో మేకులకి వేలాడుతుంటాయి. ఊళ్ళో ఎవరి కాలు ఎంతో పాదిరి గారికన్నా ఆయనకే బాగా తెలుసు.

ఎల్పీదియో మొదటి నిచ్చెన తెచ్చిన రోజే తిరిగి పట్టుకెళ్ళాడు. "బాబాయ్, మెట్లు దూరమయ్యాయి, మోకాలు జారుతోంది" అన్నాడు. కానియో దగ్గర మెట్లతో ఇంకోటి చేశాడు. అదీ జారుతోందన్నాడు. మూడోసారి కానియో ఇంకా దగ్గరగా మెట్లు బిగించి, తనే మోసుకొచ్చి మా వాకిట్లో పడేశాడు.

"ఇదిగోరా, ఇంతకన్నా దగ్గరగా నేను బిగించలేను. ఇది మేకకి సరిపోతుంది. మేకకీ సరిపోలేదంటే కోడికి చేసి ఇస్తా," అన్నాడు.

అదీ సరిపోలేదనే అన్నాడు మావాడు. మూడు నిచ్చెనలూ కొట్టంలో గోడకి ఆనించి ఉండిపోయాయి. ఊళ్ళో సగంమంది కానియోకి కొలత తప్పుతోందన్నారు, సగంమంది ఎల్పీదియో కాలు వంకరన్నారు. కానియో మా ఇంటి ముందునుంచి వెళ్ళడం మానేశాడు.

ఆ తర్వాత ఎల్పీదియోకి పెళ్ళయింది. నా మరదలు ఆర్కాంజెలా పక్క ఊరిదే. నోరు ఆస్ప్రీనియో లాంటిది. వచ్చిన మొదటి వారంలోనే మా నాన్న సూప్‌లో ఉప్పెక్కువైందని అంటే, "నాలుక మీదో, గిన్నెలోనో చూసుకోండి మామయ్యా" అంది. మా నాన్న నా వైపు తిరిగి, "దీన్ని మనవాడికి ఎవరు చూశారే?" అన్నాడు. "నువ్వే చూశావు" అన్నాను. అప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ కుదిరింది.

పీచ్ పళ్ళ లారీలు మా వైపు రావడం మొదలైన రోజులవి. చెట్లు కొట్టించి పీచ్ తోటలు వేసుకున్నవాళ్ళ ఇళ్ళకి కొత్త కిటికీలు వచ్చాయి. పాప్లర్ కలప పళ్ళ పెట్టెలకి పనికొస్తుంది. ఆ కలప కొనే బియాజో అని ఒకడు సైకిల్ మీద ఊరూరా తిరిగి, ఏ వరుసలో చెట్లెక్కేవాళ్ళు లేరో చూసుకుని, ఆ ఇంటికి వచ్చి కూర్చునేవాడు. ఆ వేసవిలో నేను పుట్టింట్లో ఉండగా మా ఇంటికొచ్చాడు.

"తమ్మారో పెద్దాయనా, కొస మీద నిరుటి గుత్తులు ఎండిపోయి వేలాడుతున్నాయి. చూస్తుంటే నాకే బాధేస్తోంది," అన్నాడు.

"బాధేస్తే అటు చూడకు," అన్నాడు మా నాన్న.

"ఎన్నాళ్ళు చూడకుండా ఉంటాను? మీరెక్కలేరు. మీవాడికి నిచ్చెన కుదరదు. కూలికి పిలుద్దామంటే ఎక్కేవాళ్ళంతా ఫ్యాక్టరీల్లో పడ్డారు. చెట్లు ఎవరికోసం?"

మా నాన్నకి కోపం వచ్చింది. బియాజో మీద కాదు. వాకిట్లో బుట్టలు బాగుచేస్తూ తల వంచుకున్న కొడుకు మీద.

"విను," అన్నాడు. "ఈ కోతకి ఈ ఇంటి మనిషి ఒకరు కొస దాకా ఎక్కి కోస్తే చెట్లుంటాయి. కొయ్యకపోతే సాన్ మార్తీనో పండగకి కొత్త పీపా తెరిచిన మర్నాడు గొడ్డళ్ళు తెచ్చుకో."

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. మా వైపు చెయ్యి కలిపిన మాట మళ్ళీ తీసుకోరు. ఎల్పీదియో బుట్ట మీంచి తల ఎత్తలేదు. వాడి సంగతి నాకు తెలుసు. చెట్లు పోతే వాడికి సుఖం, జన్మలో ఎవరూ ఎక్కమనరు. చెట్లు పోతే వాడికి సిగ్గు కూడా, వాడివల్లే పోయాయంటారు. రెండింటి మధ్యా కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

బియాజో వెళ్ళగానే ఆర్కాంజెలా నా దగ్గరికి వచ్చింది.

"వదినా, మీ తమ్ముడికి నిచ్చెన కుదరదా, ఎత్తు కుదరదా?"

"నిచ్చెనే," అన్నాను.

"నాతోనా వదినా? ఆయన్ని కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే నన్ను కుర్చీ పట్టుకోమన్నాడు."

ఇంక ఏం దాస్తాను? నవ్వాను. అదీ నవ్వింది. నవ్వి, అంతలోనే మొహం మార్చేసింది.

"మా నాన్న చెట్లు కొట్టించేశాడు, తెలుసుగా. ఇప్పుడు మా ఇంట్లో వైన్ కొట్టునుంచి తెస్తారు. తియ్యగా ఉంటుంది. ఏం తిన్నా నోరు కడుక్కోదు, అన్నం మధ్యలోనే పడుకోవాలనిపిస్తుంది. మా అమ్మ బల్ల దగ్గర గ్లాసు పక్కకి తోస్తుంది. అలాంటి బల్ల దగ్గర ఈ ఇంట్లో కూడా కూర్చోవడం నావల్ల కాదు."

"అయితే ఏం చేస్తావు?"

"మా నాన్నకి కొడుకుల్లేరు వదినా. చెట్లున్నప్పుడు ఎవరెక్కారనుకున్నావు?"

మా వైపు ఆడవాళ్ళు చెట్టు కింద ఉంటారు. పైనుంచి తాడు మీద దిగిన బుట్ట పట్టుకుని, ఖాళీ చేసి, మళ్ళీ పైకి పంపిస్తారు. బుట్ట అడుగు మొనదేలి ఉంటుంది, వదలగానే నేలలో గుచ్చుకుని నిలబడుతుంది. మనం చూసుకోకపోతే కాలి మీద గుచ్చుకుంటుంది. అదే ఆడవాళ్ళ పని. ఆడది ఎక్కితే తీగ అలుగుతుందని అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆర్కాంజెలా వాళ్ళ నాన్న అందుకే కూతుర్ని మగపిల్లాడి టోపీ పెట్టి ఎక్కించాడట.

అది కొట్టంలోకి వెళ్ళి మొదటి నిచ్చెన తట్టి చూసింది. కాలు దూర్చింది. వదులు. రెండోది, అదీ కొంచెం వదులే. మూడోది గోడకి ఆనించి, నాలుగు మెట్లెక్కి, కాలు దూర్చి, మోకాలు తగిలించి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. ఊగలేదు, జారలేదు.

"ఇది నాకోసమే చేసినట్టుంది వదినా."

"మేక కోసం చేశాడు," అన్నాను.

కోత రోజులు వచ్చాయి, నేనూ పుట్టింటికి సాయం వచ్చాను. అప్పటికి మా నాన్న మోకాలు మెట్లు కూడా దిగనివ్వడం లేదు. మేడ మీద బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెరటి గోడ అడ్డం కాబట్టి ఆయనకి చెట్ల పై సగమే కనిపిస్తుంది. ఆర్కాంజెలా మొగుడి ప్యాంటు తొడుక్కుని, జుట్టంతా వాడి టోపీలోకి దూర్చి పైకి పోయింది. ఎల్పీదియో కింద బుట్టలు అందుకునేవాడు. బుట్ట దిగేదాకా నిచ్చెన మొదలుని రెండు చేతులతోనూ, ఒంటితోనూ అదిమి పట్టుకుని, పైకి చూడకుండా, చెట్టు బెరడుని చూస్తూ అడిగేవాడు.

"ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను, ఎగిరిపోనా?" అనేది పైనుంచి.

బాల్కనీలో మా నాన్న టోపీని చూశాడు. కొస మీద, ఆకుల మీద, ఎండలో కదిలే టోపీ. రోజంతా అటే చూస్తూ కూర్చునేవాడు. నేను పైకి సూప్ పట్టుకెళ్తే, "చూశావా మద్దలేనా, నా కొడుకు!" అనేవాడు. నేను గిన్నె బల్ల మీద పెట్టి, "చల్లారిపోతుంది నాన్నా, తాగు" అనేదాన్ని. కిందికి దిగి ఎల్పీదియోకి ఆ మాట చెప్తే వాడు భోజనం మధ్యలో చెంచా కింద పెట్టేశాడు.

"నిజం చెప్పెయ్యరా," అన్నాను.

"చెప్తే చెట్లు పోతాయక్కా. ఆడది ఎక్కిందని ఆయన ఒప్పుకుంటాడా?"

ఆర్కాంజెలా రొట్టె తుంచుకుంటూ, "ముందు రసం పీపాలో పడనీ," అంది. "ఆయన నోట్లో పడ్డాక మాట్లాడదాం."

రసం పీపాలో పడింది. మా ఇంటి కింద మెత్తరాతిలో తొలిచిన గుహ ఉంది. మెట్లు దిగుతుంటే వేసవి పోయి చలికాలం వచ్చినట్టుంటుంది. అక్కడ పీపా తన మానాన తాను గుసగుసలాడుతూ, నురగలు పొంగి, తర్వాత సద్దుమణిగింది. ఎల్పీదియో పీపా పనిలో మాత్రం మొనగాడు. ఎంత లోతుకి దిగమన్నా దిగుతాడు. ఎక్కమంటేనే తంటా.

సాన్ మార్తీనో పండగనాడు మధ్యాహ్నం పీపా తెరిచాం. వాకిట్లో బల్ల వేశాం. మా నాన్నని కుర్చీతో సహా దించుకొచ్చారు. నేనూ మా ఆయనా వచ్చాం. ఆర్కాంజెలా చెస్ట్‌నట్‌లు కాలుస్తోంది. బియాజో పిలవకుండానే వచ్చి, సైకిల్ గోడకి ఆనించి, గొడ్డళ్ళవాళ్ళకి ఏ వేళకి రమ్మనాలో కనుక్కుందామన్నట్టు కూర్చున్నాడు.

ఎల్పీదియో గుహలోంచి కూజా పట్టుకొచ్చి ముందు మా నాన్నకి పోశాడు. మా నాన్న గ్లాసు పైకెత్తి అంచున పచ్చదనం చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని దవడ బిగించాడు. పులుపు తగిలినట్టుంది. మింగలేదు. ఇంకాసేపు ఆగాడు, వెనకది వచ్చేదాకా. అప్పుడు మింగాడు.

"కొసవి ఉన్నాయి," అన్నాడు. "అన్నీ ఉన్నాయి." గ్లాసు బియాజో వైపు తోశాడు. "తాగి చూడు. తాగి, సైకిలెక్కి ఇంటికి పో."

బియాజో తాగి మొహం చిట్లించి ఏదో అనబోయాడు. అంతలో వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. నిచ్చెనల కానియో. మా గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో.

"తమ్మారో అన్నా, నీ కొడుకు కొసకెక్కాడట. ఊరంతా చెప్పుకుంటోంది. మూడో నిచ్చెన మీదట," అన్నాడు.

"ఎక్కాడు! కూర్చో, తాగు," అన్నాడు మా నాన్న.

"తాగుతాలే. ముందొక మాట. ఒరేయ్ ఎల్పీదియో, మూడోది నీకు సరిపోయిందా?"

"సరిపోయింది బాబాయ్," అన్నాడు మావాడు కూజా వైపు చూస్తూ.

"సరిపోయిందంటే నేను మొదట కొలిచింది తప్పన్నమాట."

ఎల్పీదియో కూజా బల్ల మధ్యకి జరిపాడు.

"నేను మీ తాత కాలు కొలిచాను, మీ నాన్న కాలు కొలిచాను. ఈ ఊళ్ళో నా నిచ్చెన మీంచి పడ్డవాడు లేడు. నీ దారం ఇదిగో." జేబులోంచి ముడి ఉన్న దారం తీశాడు. "మొదటి నిచ్చెన దీనికి సరిగ్గా సరిపోతుంది. మూడోదానికీ దీనికీ బెత్తెడు తేడా. నా చెయ్యి బెత్తెడు తప్పిందా, నీ కాలు బెత్తెడు అరిగిందా? నిచ్చెన తీసుకురా, కాలు పెట్టు. నేను తప్పయితే రేపట్నుంచి కొట్టు మూసేస్తా."

"పండగపూట ఎందుకు కానియో," అన్నాడు మా నాన్న.

"నీకు పండగ. నాకు ఇన్నేళ్ళూ పండగలు లేవు."

మూడో నిచ్చెన తెచ్చి గోడకి ఆనించారు. ఎల్పీదియో మొదటి మెట్టెక్కాడు. రెండోదెక్కేసరికి నిచ్చెనని కావలించుకున్నాడు. కాలు దూర్చబోయాడు. మోకాలు పై మెట్టు దాటి ఎక్కడో ఉండిపోయింది, పెద్దవాడు పసిపిల్లల కుర్చీలో ఇరుక్కున్నట్టు. మా ఆయన నవ్వాపుకోలేక చెస్ట్‌నట్ మింగి దగ్గాడు. ఈ నిచ్చెన కూడా తప్పేనని మావాడు నాలుగోసారి అనొచ్చు. అంటాడేమోనని నేను చూశాను. కానియో కూడా అందుకే చూస్తున్నాడు.

ఎల్పీదియో కిందికి దిగాడు.

"నీ కొలత తప్పలేదు బాబాయ్. మొదటిదే నాది. నాకు పైకెక్కితే కళ్ళు తిరుగుతాయి. నేనెప్పుడూ ఎక్కలేదు, ఈసారీ ఎక్కలేదు," అన్నాడు.

కానియో దారం వేలికి చుట్టుకున్నాడు. ఆయనకి కావాల్సింది దొరికింది, కానీ దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు.

బియాజో మాత్రం లేచాడు. "అయితే ఇంకేం పెద్దాయనా, చెయ్యి కలిపాం. ఈ ఇంటి మనిషి ఎక్కలేదు. ఎవణ్ణో కూలికి ఎక్కించారు. పొద్దున్నే గొడ్డళ్ళు పంపిస్తా."

"కూలికి కాదు," అంది ఆర్కాంజెలా. చేతుల మసి గుడ్డకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "కానియో బాబాయ్, ఆ నిచ్చెన మేకకి చేశానన్నావట. ఆ మేకని నేనే. కొలుచుకో."

కానియో ఇంకో దారం తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకోబోయాడు. ఆడదాని కాలు ఎలా కొలుస్తాడు? దారం నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మోకాలి నుంచి మడమ దాకా పట్టి ముడి వేసి ఇచ్చాను. ఆయన దాన్ని నిచ్చెన మెట్ల మధ్య పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిపోయింది," అన్నాడు ఎవరితోనో కాదు, ఆ కర్రతో.

మా నాన్న మొహం ఎర్రబడింది. "నువ్వా? నా చెట్టెక్కింది నువ్వా? ఆడదానివి!"

బియాజో సందు దొరికిందన్నట్టు, "చూశారా! మాటంటే మాట," అన్నాడు.

"ఏం మాట?" అంది ఆర్కాంజెలా. "ఆ రోజు నేనూ ఇక్కడే బీన్స్ ఒలుస్తున్నాను. మామయ్య అన్నమాట నువ్వే చెప్పు."

"ఈ ఇంటి మనిషి ఒకరు కొస దాకా ఎక్కి కోస్తే..."

"ఆగు. ఇంటి మనిషి. మామయ్యా, ఇంటి మనిషన్నారు మీరు. నేను ఎవరింటి మనిషిని? మీ ఇంటికొచ్చాను, మీ సూప్‌లో ఉప్పు వేస్తున్నాను, మీ చొక్కాలు ఉతుకుతున్నాను. కాదంటే ఇప్పుడే చెప్పండి, మూట కట్టుకుంటాను."

"మనిషంటే మగమనిషనేగా!" అన్నాడు బియాజో.

"ఆ మాట ఇంటికెళ్ళి మీ ఆవిడతో అను," అన్నాడు కానియో గోడ వైపు తిరిగే. "అన్నాక నీకు ఎవరు వండిపెడతారో వచ్చి మాకు చెప్పు."

మా ఆయన ఈసారి నవ్వాపుకోలేదు. మా నాన్న నవ్వలేదు. కోడలి వైపే చూస్తున్నాడు.

"చివరి చెట్టు కొసన ఏం కనిపిస్తుంది?" అని అడిగాడు.

అది ఎక్కినవాళ్ళకే తెలిసే సంగతి. కోత అయిన రోజు మా నాన్న ఎల్పీదియోని ఇదే అడిగితే వాడు గంట గోపురం అన్నాడు. "అది బాల్కనీలోంచీ కనిపిస్తుంది కదరా" అని మా నాన్న అప్పుడే అనుకున్నాడట, పైకి అనలేదు.

"చెప్తాను మామయ్యా," అంది ఆర్కాంజెలా. "పడమటికి చూస్తే బురదలో గేదెలు. వాటి వెనక కాలవ. దాని వెనక రేకు పరిచినట్టు ఒక గీత. మొదట పొగమంచనుకున్నాను. ఎండ మీద పడ్డాక మెరిసింది. సముద్రం."

"ఉదయం పూట కనిపించదు," అన్నాడు మా నాన్న.

"కనిపించదు. మధ్యాహ్నం దాటాక."

మా నాన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఆయన ఆ గీత చూసి రెండేళ్ళు దాటింది.

"బియాజో, నీ గ్లాసు ఖాళీ చేసి వెళ్ళు," అన్నాడు. "చెయ్యి కలిపింది కలిపినట్టే ఉంది. ఇంటి మనిషి ఎక్కింది." తర్వాత కోడలి వైపు తిరిగి గొంతు పెంచాడు. "గేటు పక్క చెట్టు కొసన రెండు గుత్తులు వదిలేశావు. బాల్కనీలోంచి చూశాను."

"పిట్టలకి వదిలాను."

"పిట్టలకి వైన్ చెయ్యడం రాదు. వచ్చే ఏడు అవీ కొయ్యి."

బియాజో గ్లాసు ఖాళీ చెయ్యకుండానే సైకిలెక్కాడు. ఆ గ్లాసు కానియో తాగాడు. పోతూ పోతూ మిగిలిన రెండు నిచ్చెనలూ భుజాన వేసుకున్నాడు. మొదటిది వాకిట్లో ఒక్కక్షణం నిలబెట్టి ఎల్పీదియో పక్కన ఆనించి, మెట్లు వాడి మోకాలికి సరిగ్గా ఉన్నాయని అందరూ చూసేదాకా ఆగి, అప్పుడు తీసుకెళ్ళాడు. మూడోది మా ఇంట్లోనే ఉండిపోయింది. ఊళ్ళో దాన్ని మేక నిచ్చెన అనేవాళ్ళు.

ఎల్పీదియోని క్షౌరశాలలో కొన్నాళ్ళు కుర్చీ దించమంటావా అని అడిగారు. "దించు, నాకు కిందే బాగుంటుంది" అనేవాడు. అలా అన్నాక ఏడిపించడంలో సరదా పోయి మానేశారు. ప్రతి కోతకీ వాడు నిచ్చెన మొదలు పట్టుకుని, బెరడు వైపు చూస్తూ, "ఉన్నావా?" అనేవాడు. గుహలో పీపా పని వాడిదే, ఆ పనికి ఊళ్ళోవాళ్ళు వచ్చి వాణ్ణి పిలుచుకెళ్ళేవాళ్ళు.

ఆ పండగనాడు అందరూ వెళ్ళాక బల్ల దగ్గర మేమే మిగిలాం. మా ఆయనకి అప్పటిదాకా ఎవరూ పొయ్యనే లేదు. ఆర్కాంజెలా గ్లాసు నింపి ముందు పెట్టింది. మా నాన్న కూడా చూస్తున్నాడు. మా ఆయన తాగాడు. దవడ గుంజింది, ఒక కన్ను మూసుకుపోయింది. వెనకది వచ్చేదాకా ఆగాడు. పెదాలు తుడుచుకోలేదు.

"పుల్లగా ఉంది మామయ్యా," అన్నాడు.

మా నాన్న కూజా తన వైపు లాక్కుని, అల్లుడికి మళ్ళీ పోశాడు.